తెరకు వీపు పెట్టిన ఉద్యోగం

అమ్మాయిలూ, సినిమా హాల్లో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి కూడా సినిమా చూడని మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మీరు నన్ను ఆటపట్టిస్తారు. ఉంటుంది. ఆవిడే ఇప్పుడు మోకాళ్ళకు నూనె రాసుకుని, కళ్ళజోడు వెతుక్కుని, మీకోసం ఇది రాస్తోంది. మీకు నేను హాస్టలు మేట్రన్‌గా రిటైరైన మనిషిగానే తెలుసు. అంతకుముందు, డెబ్బైల్లో, తిరువూరులో ఒక రేకుల సినిమా హాలుకు నేను ఆడవాళ్ళ గేటు కీపర్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా కూర్చుని నవ్వుకుంటాను. నవ్వడానికి ఇన్ని దాచిపెట్టి ఇచ్చిన దేవునికి స్తోత్రం.

మా నాన్నగారు పల్లెలో క్రైస్తవ సంఘానికి ఉపదేశి, ఆదివారాలు వాక్యం చెప్పేవారు. బడి దూరం, మధ్యలో వాగు. అందుకని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి పలక మీద అక్షరాలు దిద్దించారు. పాటల పుస్తకం చూసి చదవడం నేర్పారు, ఎక్కాలు నేర్పారు. సినిమా చూడకూడదని కూడా వాటితోపాటే నేర్పారు. "దీపం ఆర్పి చూసేది ఏదైనా సరే, మనకొద్దమ్మా" అనేవారు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు. రెండు రెళ్ళు నాలుగెందుకని అడుగుతామా? ఇదీ అంతే అనుకున్నాను.

ఆయన పోయాక అమ్మా నేనూ తిరువూరు వచ్చాం. అమ్మ జాకెట్లు కుట్టేది. నాకు చదువు ఉంది గానీ చదివినట్టు కాగితం లేదు. ఏ ఆఫీసుకు వెళ్ళినా కాగితం అడిగేవారు. అమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ సినిమా హాలు యజమాని భార్య. ఆడవాళ్ళ గేటు దగ్గర మగవాణ్ణి పెడితే రోజూ గొడవే అవుతోంది, మీ అమ్మాయిని పంపమని ఆవిడే అడిగింది.

నేను పరుగున వెళ్ళి మా పాస్టరు అయ్యగారిని అడిగాను. ఆయన మెత్తని మనిషి. కాసేపు గడ్డం గోక్కుని, "గేటు దగ్గర నిలబడితే తప్పేముందమ్మా. తెర వైపు చూడకు, అంతే" అన్నారు. పక్కనే సంఘ పెద్ద ఉన్నారు. ఆయన మెత్తని మనిషి కాదు. "చూశావని తెలిసిందంటే బల్ల దగ్గరికి రానివ్వం. ముందే చెప్తన్నా" అన్నారు. బల్ల అంటే ప్రభువు సంస్కారం. నెలకొకసారి చేతిలో పడే ఆ రొట్టె ముక్క కోసం నేను మిగతా రోజులన్నీ బతికేదాన్ని. అయ్యగారి ముందే మాట ఇచ్చాను, చూడనని.

మాట ఇచ్చాకే హాలు లోపల ఎలా ఉంటుందో చూశాను. ఆడవాళ్ళ గుమ్మం ఎక్కడుందనుకున్నారు? సరిగ్గా తెర పక్కన! ఆడవాళ్ళు నేల మీద, బెంచీల మీద తెరకు ఎదురుగా కూర్చుంటారు. నేను తెర మూలన, గుమ్మం లోపలి పక్క నిలబడాలి. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు చోటు చూపించాలి, ఏడ్చే పిల్లల తల్లులను బయటికి పంపాలి, సందు చూసుకుని దూరే మగాళ్ళను ఆపాలి. బయట నిలబడితే కుదరదు. అందుకని తెరకు వీపు పెట్టి, ఆడవాళ్ళకు ముఖం పెట్టి నిలబడ్డాను. తెర వెలుగు నా నెత్తి మీదుగా వెళ్ళి వాళ్ళ ముఖాల మీద పడేది.

అమ్మాయిలూ, ఆ ముఖాలు! పేడ చేతులు కడుక్కుని బండెక్కి వచ్చిన ముఖాలు, పసుపు ముఖాలు, నిద్ర చాలని ముఖాలు. దీపాలు ఆరగానే అన్నీ చిన్నపిల్లల ముఖాలైపోయేవి. నోట్లో కొంగు కుక్కుకున్నారంటే తెర మీద ఎవరో చనిపోతున్నారని. పక్కావిడ తొడ మీద చరిచారంటే అత్తగారికి బుద్ధి వచ్చిందని. మగాళ్ళ వైపు నుంచి ఈలలు, ఆడవాళ్ళ వైపు నుంచి చీదరింపులు వచ్చాయంటే డాన్సని. కథ మొత్తం నాకు వాళ్ళ ముఖాల మీదే తెలిసిపోయేది. వాళ్ళు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. తెరకు వీపు పెట్టి కళ్ళు తుడుచుకునే గేటు కీపర్ని చూసి మా ఆపరేటరు పడీపడీ నవ్వేవాడు.

ఆ ఆపరేటరు నడివయసు మనిషి. పొట్ట మీద బనీను ఎప్పుడూ పైకే ఉండేది. నన్ను సొంత చెల్లెల్లా చూసుకునేవాడు, సొంత చెల్లెల్ని ఏడిపించినట్టే ఏడిపించేవాడు.

"చెల్లెమ్మా, పైన నా కేబినులోకి రా. ఆ చిన్న కంతలోంచి చూడు. కంతలోంచి చూస్తే సగమే పాపం."

"వద్దన్నయ్యా."

"పోనీ అద్దంలో చూడు. అద్దంలో అంతా తిరగబడి కనపడుద్ది. పాపం కూడా తిరగబడి పుణ్యమైపోద్ది."

నేను నవ్వేసేదాన్ని. కానీ ఆ నవ్వులోంచే అనుమానం మొదలైంది. ముఖాల మీద చూడటం సినిమా చూడటం కిందికి వస్తుందా? చెవులతో విన్నది లెక్కలోకి రాదా? అసలు ఈ మాట దేవుడిదా, నాన్నదా, లేక నా మొండితనమా? తెరకు ఎదురుగా ఉన్న ఈ ఆడవాళ్ళ ముఖాలలో నాకు ఏ చెడ్డా కనిపించడం లేదే! ఒకరోజు ఆగలేక అయ్యగారి దగ్గరికి వెళ్ళాను.

"ముందు వేసే ప్రభుత్వం వాళ్ళ న్యూస్‌రీలు చూడవచ్చా అయ్యగారూ?"

"ఏముంటాయమ్మా అందులో?"

"వరదలు, డ్యాములు, మంత్రులు రిబ్బన్లు కత్తిరించడం. విన్నాను."

"వరదలు చూడవచ్చు" అన్నారు ఆయన. మళ్ళీ ఆలోచించి, "వద్దులే. వరద అయిపోయి ఎప్పుడు పాట మొదలవుద్దో నీకెట్టా తెలుస్తుంది?" అన్నారు.

"మరి ముఖాలు?"

"ముఖాలు చూడటం తప్పని వాక్యంలో ఎక్కడా లేదమ్మా. చూడు."

ఆయన సులువుగానే చెప్పారు గానీ నా లోపల పోరు తగ్గలేదు. రానురాను మెడ దానంతటదే తిరగబోయేది. అప్పుడు నేను కొంగు నెత్తి మీదికి లాక్కుని, గట్టిగా కళ్ళు మూసుకుని, పెదవుల్లోనే ప్రార్థన చేసుకునేదాన్ని. "ప్రభువా, ఈ పాట అయ్యేదాకా నా మెడ పట్టుకో" అని. నా అసలు కష్టాలన్నీ ఆ ప్రార్థనతోనే మొదలయ్యాయి.

నేను చేరిన మూడో ఏడు ఎండాకాలం ఒక పౌరాణికం వచ్చింది. విజయవాడ బస్సు టాపు మీంచి రీళ్ళ పెట్టెలు దింపుతుంటేనే ఎవరో కొబ్బరికాయ కొట్టారు. చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళు గుమ్మం బయటే చెప్పులు విడిచేవారు, గుళ్ళోకి వచ్చినట్టు. స్వామి తెర మీదికి రాగానే అందరూ లేచి నిలబడి, ముందుకొచ్చి, కర్పూరం వెలిగించి తెరకు హారతి ఇచ్చేవారు. మేనేజరు తెర కింద ఒక ఇనప పళ్ళెం, నీళ్ళ బకెట్టు పెట్టించాడు. ఆ పళ్ళేనికి పక్కనే నా చోటు.

ఇక మీరే ఊహించుకోండి. ఎదురుగా కర్పూరం మంట. వెనక తెర వెలుగు. మధ్యలో నెత్తిన కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ ఒక పిల్ల. అందరూ స్వామిని చూడటానికి తోసుకుంటుంటే తను మాత్రం చూడదు.

నెమలి అనే ఊరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నన్ను అదే పనిగా చూసింది. అక్కడి వేణుగోపాలస్వామికి ఏటా మొక్కు తీర్చుకునే మనిషి. ఆట వదిలాక నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది.

"మేం కళ్ళతో చూస్తన్నాం తల్లీ. నువ్వు మనసులో చూస్తన్నావు."

"అయ్యో, కాదు మామ్మా! నేను క్రైస్తవురాలిని."

"ఏ దేవుడైతే ఏందమ్మా? నిష్ఠ నిష్ఠే."

మర్నాడు మ్యాట్నీకి నా కాళ్ళ దగ్గర రెండు అరటిపళ్ళు ఉన్నాయి. ఆ మర్నాటికి ఏకంగా ఒక అత్తం పళ్ళు. వారం తిరిగేసరికి హారతి పళ్ళెం తెర వైపు ఒకసారి తిరిగి, ఆ వెంటనే నా వైపు కూడా తిరగడం మొదలైంది! "నాకొద్దండీ, నేను మామూలు మనిషినండీ" అని మొత్తుకునేదాన్ని. "అట్టాగే అంటారు పెద్దోళ్ళు" అని వాళ్ళలో వాళ్ళు తలలూపుకునేవారు. నేను కాదన్నకొద్దీ నా మహిమ పెరిగిపోతోంది. పేరు కూడా పెట్టేశారు, గేటమ్మ అని.

మేనేజరు సంతోషం చూడాలి. "నువ్వేం చెయ్యొద్దమ్మా. రోజూ నిలబడినట్టే నిలబడు చాలు" అన్నాడు. పబ్లిసిటీ రిక్షాలో మైకు పట్టుకుని తిరిగేవాడు ఊరంతా చాటేశాడు: "రండి, చూడండి, తెర మీద స్వామి, తెర పక్కన గేటమ్మ!"

ఆపరేటరు పై నుంచి దిగొచ్చి చేతులు కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "గేటమ్మ తల్లీ, బొమ్మ వేసే మిషన్లో కార్బన్ కడ్డీ మాటిమాటికీ ఆరిపోతంది. దీవించు తల్లీ."

"నవ్వకన్నయ్యా, నాకు ఏడుపొస్తోంది."

నిజంగానే ఏడుపొచ్చింది. ఒక క్షణం, ఒకే ఒక్క క్షణం, అంతమంది చేతులు నా వైపు ఎత్తితే బాగున్నట్టు కూడా అనిపించింది. దానికే ఎక్కువ భయపడ్డాను.

ఈ సంగతి సంఘ పెద్ద చెవిలో పడకుండా ఉంటుందా? ఆదివారం ఆరాధన అవగానే నన్ను ఆపారు. "జనం చేత దండాలు పెట్టించుకునే మనిషికి బల్ల దగ్గర చోటెక్కడిది? వచ్చే వారం సంస్కారం. ఈ లోపల అది ఆగాల. లేకపోతే నువ్వు రావద్దు."

అయ్యగారి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. "తెర వైపు చూడనందుకే కదా అయ్యగారూ వాళ్ళు దండం పెడుతున్నారు. చూస్తే ఆపేస్తారు. కానీ చూస్తే నా మాట పోతుంది, బల్ల దగ్గరికి రానివ్వరు. చూడకపోతే విగ్రహాన్నైపోయాను, ఇప్పుడూ రానివ్వరు. నేనేం చేసేది?"

"ఇట్టాంటి కేసు నాకు ఇంతవరకూ రాలేదమ్మా" అన్నారు అయ్యగారు. "ప్రార్థన చేద్దాం." ఇద్దరం మోకరించాం. లేచాక ఆయన నన్ను గుమ్మం దాకా సాగనంపారు, అంతే. ఉద్యోగం మానేద్దామా అంటే ఇంట్లో అమ్మ కళ్ళు మసకబారుతున్నాయి, సూదిలో దారం ఎక్కడం లేదు.

ఆ శుక్రవారం మ్యాట్నీ. స్వామి గాజుల సెట్టి వేషంలో భక్తురాలి ఇంటికి వచ్చే ఘట్టం నడుస్తోంది. ఆవిడ ఆయన్ని గుర్తుపట్టక గాజులకు బేరమాడుతుంది. నేను చూడకపోయినా అది నాకు కంఠతా వచ్చు. ఆ ఘట్టంలో ఆడవాళ్ళు తెర వైపు చేతులూపుతూ అరిచేవారు: "ఒసేయ్, ఆయన స్వామేనే! బేరమాడబాకే!" "ఓ అత్తా, నువ్వన్నా చెప్పు దానికి!" హాలంతా ఒకటే కోలాహలం.

అంత గోలలో వినగడప ఊరి పడుచు ఒకతె గుమ్మంలోంచి దూసుకొచ్చింది. చంకలో పసిపిల్ల. ఆ పిల్లను తెచ్చి నా చేతుల మీద పెట్టింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"చెయ్యి పెట్టు గేటమ్మా. జ్వరం దిగట్లేదు."

"ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళమ్మా! ఇక్కడే కదా, బస్టాండు దాటితే!"

"ఆస్పత్రెందుకు తల్లీ? నీ దగ్గరికి తీసుకురావాలనే రెండు రోజుల్నించీ ఆగాం. బండి ఇయ్యాల దొరికింది."

అమ్మాయిలూ, అప్పటిదాకా నాకది నా కష్టం. నా మాట, నా బల్ల, నా భయం. ఆ పిల్ల తల నా మోచేతి మీద ఒరిగిపోగానే అవన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. "నేనూ నీలాంటి దాన్నేనమ్మా, నా చేతిలో ఏమీ లేదు" అన్నాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఎప్పట్లాగే తలలూపారు, ఎంత వినయమో చూశారా అన్నట్టు. ఆ తల్లి నా పాదాలు పట్టుకోబోయింది. మాటలతో ఇది తెగదని నాకు అర్థమైంది.

కళ్ళు తెరిచాను. కొంగు నెత్తి మీంచి దించాను. పిల్లను భుజాన వేసుకుని, హాలంతా చూస్తుండగా, గిర్రున తెర వైపు తిరిగాను.

ఏం కనిపించిందో తెలుసా? ముక్కు! తెరను ఆనుకుని నిలబడి తలెత్తితే ఇంకేం కనపడుతుంది? ఒక కొండంత ముక్కు, ఏటవాలుగా సాగిపోయి, రెండు చీకటి గుహలతో. స్వామిదో, సెట్టి వేషానిదో, ఆ బేరమాడే ఆవిడదో కూడా తెలియలేదు. పక్కనే దూలాల్లాంటి వేళ్ళు గాజులు ఎక్కించుకుంటున్నాయి. ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుని, మెడ బిగబట్టి, రాత్రీపగలూ నేను పోరాడింది ఈ ముక్కుతోనా! నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. పిల్లను పట్టుకుని ఊగిపోతూ, కళ్ళ నీళ్ళు కారుతుంటే నవ్వాను.

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఓయమ్మో, చూస్తంది!"

"చూట్టమే కాదు, పకపకా నవ్వుతంది కూడా!"

నెమలి ముసలమ్మ ఆ రోజూ వచ్చింది. లేచి వచ్చి, గడ్డం పట్టుకుని నా ముఖం తన వైపు తిప్పుకుని చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! మామూలు పిల్లవేనటే నువ్వు!"

"మొదటినుంచీ అదేగా మామ్మా చెప్తున్నాను!"

పసిపిల్ల తల్లి మాత్రం నవ్వలేదు. ముఖం ఎర్రబడిపోయింది. "నీ కోసమా నేను రెండు రోజులు ఆగింది?" అని నా చేతుల్లోంచి పిల్లను లాక్కుంది.

"అవునమ్మా, నా కోసమే. ఇంక ఆగొద్దు, పద!"

గుమ్మం ముసలమ్మకు అప్పగించి ఆవిణ్ణి బయటికి లాక్కొచ్చాను. ఎదురుగా పబ్లిసిటీ రిక్షా. రెండు వైపులా స్వామి బొమ్మలు, పైన మైకు. "ఆస్పత్రికి పోనియ్!" అన్నాను. మైకువాడు కంగారులో మైకు ఆపడం మరిచిపోయి, "తప్పుకోండి తప్పుకోండి, పసిపిల్లకు జ్వరం, తప్పుకోండి" అని దారిపొడుగునా అరిచాడు. బజారంతా చీలి దారిచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ సూది వేసి, తల్లిని నిలబెట్టి తిట్టి, మంచం ఇప్పించింది. సమయానికి తెచ్చారంది. నేను వరండాలో కూర్చుని చాలాసేపు స్తోత్రం చెప్పుకున్నాను. మధ్యమధ్య ముక్కు గుర్తొచ్చి మళ్ళీ నవ్వొచ్చేది.

తిరిగొచ్చేసరికి ముసలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, దూరబోయిన ఒక పెద్దమనిషిని చీపురు చూపించి తరుముతోంది. మేనేజరు మాత్రం మొహం వేలాడేసుకున్నాడు. "ఒక్క రెండు వారాలు ఓపిక పట్టలేకపోయావా అమ్మా" అన్నాడు.

ఆదివారం వచ్చింది. బల్ల సిద్ధంగా ఉంది. సంఘ పెద్ద అందరి ముందూ లేచి నిలబడ్డారు.

"చూశావంట?"

"చూశానండి."

"ఏం చూశావు?"

"ముక్కండి."

"ఎవరి ముక్కు?"

"తెలియదండి. చాలా పెద్దది."

స్త్రీల వైపు ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకుని ప్రార్థన గుడి అంతా పాకింది. అయ్యగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు, పుస్తకం మాత్రం ఊగుతోంది. చివరికి దించి, దగ్గి, "అమ్మా, దండాలు ఆగినాయా?" అన్నారు.

"ఆగినాయండి."

"పిల్ల?"

"పాలు తాగుతోందండి."

"అయితే ముందుకి రా." రొట్టె నా అరచేతిలో పెట్టి, నాకు మాత్రమే వినిపించేట్టు, "ఇకనుంచి చూడటం, చూడకపోవటం నీ ఇష్టం. నేను అడ్డం చెప్పను" అన్నారు.

నా ఇష్టమా! ఆ మాటకు ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఇన్నాళ్ళూ నాన్న వద్దన్నారు, సంఘం వద్దంది. ఇప్పుడు వద్దనేవాళ్ళు లేరు. సోమవారం మ్యాట్నీకి గుమ్మం దగ్గర నిలబడ్డాను. దీపాలు ఆరాయి. ఆపరేటరు కేబిను కంతకు కన్ను ఆనించి చూస్తున్నాడు, చెల్లెమ్మ ఎటు తిరుగుతుందా అని. తిరగవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అయినా తెరకు వీపు పెట్టాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు, మెడ బిగబట్టలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను? ఎదురుగా ఆ ముఖాలన్నీ వెలుగుతుంటే వాటిని వదిలి తిరగాలనిపించలేదు. నాన్న మాట సరైనదేనా అన్న అనుమానం పోయిందా అంటే పోలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. వచ్చినా నా మాట మాత్రం నా దగ్గరే ఉంది.

రెండు వారాలు పోయాక, కొత్త సినిమా మొదటి రోజు, ఆ వినగడప పడుచు వచ్చింది. చంకలో పిల్ల బెల్లం ముక్క చీకుతూ చేతులాడిస్తోంది. నేను పిల్ల బుగ్గ నిమురుదామని వంగాను. లోపల పాట మొదలైపోయింది. ఆవిడ టికెట్టు నా చేతిలో కుక్కి, మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది.

"అడ్డం లెగవమ్మా తల్లీ, బొమ్మ పడిపోయింది!"

టికెట్టు చించి, ఆవిణ్ణి లోపలికి పంపి, నవ్వుకుంటూ పక్కకు జరిగాను.